సెఫారియా యాప్: లేవీయకాండము 18:22 దగ్గరే ఆగిపోకుండా చదవాలంటే

చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం యూదుల ప్రార్థనా మందిరం ఉన్న జిల్లా మనది. అయినా స్వలింగ సంబంధాల గురించి యూదులేమంటారని గుంటూరులో ఎవరిని అడిగినా, మగవాడు మగవాడితో శయనించకూడదనే లేవీయకాండము 18:22 చదివి ఊరుకుంటారు. ఆ వచనం మీద వందల ఏళ్లు సాగిన వాదన చూడాలంటే యూదుల మత గ్రంథాలను ఒకచోట చేర్చిన సెఫారియా చాలా మంచి సాధనం. పైగా ఉచితం.

వెతికే పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో లేవిటికస్ 18:22 అని కొట్టి, వచనం మీద నొక్కండి. వ్యాఖ్యానాలు, తాల్ముద్ (రబ్బీలు, అంటే యూదు మతగురువుల చర్చల సంపుటి), మిద్రాష్ (బైబిలు వచనాలకు వారి వివరణలు), హలాఖా (మత ధర్మశాస్త్రం) విడివిడిగా తెరుచుకుంటాయి. తర్వాత 12వ శతాబ్దపు పండితుడు రంబామ్ రాసిన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నే తోరాలో నిషిద్ధ సంబంధాల విభాగం, 21:8 చూడండి. ఆడవాళ్ల మధ్య సంబంధాన్ని రంబామ్, ఐగుప్తు ఆచారాలు పాటించవద్దనే లేవీయకాండము 18:3తో ముడిపెట్టి నిషేధించాడు. కానీ దానికంటూ విడిగా ఆజ్ఞ లేదు కాబట్టి తోరా (మోషే ధర్మశాస్త్రం) చెప్పే శిక్ష పడదన్నాడు, రబ్బీలు వేయించే దెబ్బలే తగునన్నాడు. మగవాళ్ల విషయంలో లేవీయకాండము 20:13 మరణశిక్ష చెబుతుంది. ఈ తేడా పట్టుకోకపోతే ఆధునిక తీర్పులు అర్థం కావు.

పొరపాట్లు రెండుచోట్ల జరుగుతాయి. సెఫారియాలోని ‘షీట్లు’ వాడుకరులు కూర్చిన పాఠాల సంకలనాలు, వాటిని పండితుల తీర్పనుకోకూడదు. అధ్యాయాల లెక్క కూడా కొన్నిచోట్ల మారుతుంది: తెలుగు బైబిల్లో లేవీయకాండము 6:1 హీబ్రూలో 5:20. 18, 20 అధ్యాయాలకు ఆ బెడద లేదు.

యూదు మత శాఖల నిర్ణయాలకు మాత్రం ఈ యాప్ ఒక్కటే చాలదు. వాటిలో మధ్యేమార్గమైన కన్సర్వేటివ్ శాఖ ధర్మశాస్త్ర సంఘం తీర్పులు ఆ శాఖ రబ్బీల సంస్థ రబ్బినికల్ అసెంబ్లీ వెబ్‌సైటులో దొరుకుతాయి. 2006 డిసెంబరులో స్వలింగ సంబంధాలపై పరస్పర విరుద్ధమైన రెండు తీర్పులకు చెరి 13 ఓట్లు వచ్చాయి, రెండూ చెల్లాయి. ఏది పాటించాలో ఆ సమాజపు రబ్బీ ఇష్టం. వాటిలో రబ్బీలు డార్ఫ్, నెవిన్స్, రైస్నర్‌ల తీర్పు మనిషి గౌరవం అనే సూత్రం మీద నిలబడింది. రబ్బీలు పెట్టిన నిషేధాలను ఎత్తేసింది, మగవాళ్ల మధ్య గుద సంభోగం మీద తోరా నిషేధాన్ని మాత్రం అలాగే ఉంచింది. ఆ సూత్రానికి మూలమైన తాల్ముద్ భాగం బెరఖోత్ 19బిని సెఫారియాలో పక్కన తెరిచి చదివితే వాదన బలం, బలహీనత రెండూ తెలుస్తాయి. మాకు బాగా నచ్చిన ఉపయోగం ఇదే.

ఉదారవాద శాఖల్లో రీకన్‌స్ట్రక్షనిస్టు రబ్బీల కళాశాల 1984లో, రిఫార్మ్ రబ్బీల సంఘం 1990లో స్వలింగ సంపర్కులు రబ్బీలు కావడానికి తలుపులు తెరిచాయి. సంప్రదాయవాదులైన ఆర్థొడాక్స్‌లు స్వలింగ సంభోగం నిషిద్ధమనే అంటారు. అయితే స్వలింగ సంపర్కులను గౌరవంగా చూడాలని వారిలో పలువురు రబ్బీలు 2010లో ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు.

తెలుగు అనువాదం లేకపోవడమే పెద్ద లోటు. బృందంగా చదివేవారు హీబ్రూ, ఇంగ్లీషు పాఠాలతో సొంత షీటు చేసుకుని, తెలుగు రాసుకోవడానికి అంచున చోటు వదిలి ప్రింటు తీయించుకోవాలి.