కాలేజీ సహాయ దరఖాస్తులో తల్లిదండ్రుల పన్ను వివరాలు: ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా రావడం మేలా, చేత్తో నింపడం మేలా?

అమెరికాలో కాలేజీ చదువుకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకూ రుణాలకూ ఫాఫ్సా అనే ఒకే దరఖాస్తు ఉంది. 24 ఏళ్లు నిండని, పెళ్లికాని బ్యాచిలర్ డిగ్రీ విద్యార్థిని ఈ దరఖాస్తు సాధారణంగా తల్లిదండ్రులపై ఆధారపడిన వ్యక్తిగానే లెక్కిస్తుంది. ఆ విద్యార్థి సొంతంగా సంపాదించి సొంతంగా పన్ను రిటర్ను దాఖలు చేసినా ఆ లెక్క మారదు. అందుచేత తల్లిదండ్రుల పన్ను వివరాలు లేకుండా దరఖాస్తు ముందుకు సాగదు. అడిగేది కూడా నిన్నమొన్నటి ఆదాయం కాదు. 2017–18 నుంచి అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం రెండేళ్ల వెనుకటి పన్ను సంవత్సరాన్ని తీసుకుంటారు కాబట్టి, 2026–27 విద్యాసంవత్సరానికి 2024 నాటి రిటర్నే ఆధారం.

ముందుగా అర్హత గురించి ఒక మాట చెప్పుకోవాలి. మన ఊళ్ల నుంచి ఎఫ్‌1 వీసాపై వెళ్లిన విద్యార్థులకు గానీ, తల్లిదండ్రుల వెంట వెళ్లి హెచ్‌4 హోదాలో ఉన్న పిల్లలకు గానీ ఫెడరల్ సహాయం అందదు. పిల్లలు అమెరికా పౌరులైనా, గ్రీన్ కార్డు ఉన్నవారైనా అందుతుంది; అప్పుడు తల్లిదండ్రులు ఏ వీసాలో ఉన్నారన్నది అడ్డంకి కాదు. తండ్రి హెచ్‌1బిలో, తల్లి హెచ్‌4లో ఉండి, అక్కడే పుట్టిన కూతురు ఇప్పుడు కాలేజీకి వెళ్తున్న ఇళ్లు తెలుగువారిలో ఎన్నో ఉన్నాయి. ఈ పోలిక ముఖ్యంగా వారికి పనికొస్తుంది.

పన్ను వివరాలు ఫాఫ్సాలోకి చేరడానికి రెండు దారులున్నాయి. మొదటిది, తల్లిదండ్రుల సమ్మతి తీసుకుని పన్నుల శాఖ అయిన ఐఆర్‌ఎస్ నుంచి విద్యాశాఖ నేరుగా అంకెలు తెప్పించుకోవడం. రెండవది, అమెరికా ఆదాయపు పన్ను రిటర్ను అయిన ఫారం 1040ని ముందు పెట్టుకుని ఒక్కొక్క గడిని చేత్తో నింపడం. 2024–25కు ముందు వీటి మధ్య డేటా రిట్రీవల్ టూల్ అనే మధ్యేమార్గం ఒకటి ఉండేది. దరఖాస్తుదారు స్వయంగా ఐఆర్‌ఎస్ సైటుకు వెళ్లి అంకెలను ఫారంలోకి తెచ్చుకునేవారు. భద్రతా కారణాలతో 2017 మార్చిలో దానిని తాత్కాలికంగా ఆపివేయగా, ఆ ఏడాది ఎన్నో కుటుంబాలు మళ్లీ చేత్తో నింపుకోవలసి వచ్చింది. 2019 డిసెంబరులో ఆమోదం పొందిన ఫ్యూచర్ చట్టం రెండు ప్రభుత్వ విభాగాల మధ్య నేరుగా సమాచార మార్పిడికి వీలు కల్పించింది. 2024–25 దరఖాస్తుతో ఆ పద్ధతే అమల్లోకి వచ్చింది.

ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలని తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. ఐఆర్‌ఎస్‌తో మనకెందుకు, అంకెలు మేమే నింపుకుంటాం, సమ్మతి మాత్రం ఇవ్వం అనుకునే వీలు ఇక్కడ లేదు. చేత్తో నింపవలసి వచ్చినవారూ, అమెరికాలో రిటర్నే దాఖలు చేయనివారూ, సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారూ అందరూ సమ్మతి ఇవ్వాల్సిందే. దరఖాస్తులో భాగస్వామి కావలసిన ఒక్కరు సమ్మతి నిరాకరించినా విద్యార్థికి ఫెడరల్ సహాయానికి అర్హత ఉండదు. ఈ సమ్మతి ఒకసారి ఇస్తే చదువు పూర్తయ్యేదాకా చెల్లేది కాదు. ప్రతి ఏటి దరఖాస్తులోనూ మళ్లీ ఇవ్వాలి. సమ్మతి ఇచ్చాక ఐఆర్‌ఎస్ దగ్గర సరిపోలే రిటర్ను ఉంటే పన్ను ప్రశ్నలు చాలామటుకు తెరపై కనిపించనే కనిపించవు. అంటే చేత్తో నింపడం మనం కోరి ఎంచుకునే దారి కాదు, నేరు మార్గం కుదరనప్పుడు మిగిలే దారి.

కుదిరినప్పుడు నేరు మార్గమే మేలని నా అభిప్రాయం. అందుకు మొదటి కారణం కచ్చితత్వం. చేత్తో నింపేవారు సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం అడిగిన చోట, యజమాని ఇచ్చే వార్షిక జీతపు పత్రం డబ్ల్యూ2లోని జీతం వేయడం మామూలుగా జరిగేదే. 2024 నాటి ఫారం 1040లో ఆ ఆదాయం 11వ వరుసలో ఉంటుంది, జీతంతో పాటు వడ్డీ, షేర్ల లాభం, అద్దె ఆదాయం కూడా అందులో కలుస్తాయి. అంతకంటే తరచుగా కనిపించే తప్పు పన్ను దగ్గర జరుగుతుంది. ఏడాది పొడవునా జీతంలో కోత పడిన మొత్తానికీ, చివరికి లెక్కతేలిన అసలు పన్నుకూ తేడా ఉంటుంది. రీఫండ్ వచ్చిన కుటుంబం కోత మొత్తాన్ని పన్నుగా వేస్తే కట్టనిదాన్ని కట్టినట్టు చూపినట్టవుతుంది.

రెండవ కారణం తనిఖీ. కాలేజీలు కొందరు దరఖాస్తుదారులను వెరిఫికేషన్‌కు పిలుస్తాయి. ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా వచ్చి మారకుండా ఉన్న అంకెలను మళ్లీ రుజువు చేయనక్కరలేదు. చేత్తో నింపిన అంకెలకైతే సంతకం చేసిన రిటర్ను ప్రతినో, ఐఆర్‌ఎస్ ఇచ్చే ట్రాన్‌స్క్రిప్టునో చూపాలి. ఆ కాగితాలు తిరిగేలోగా సహాయం ఖరారు కావడం ఆలస్యమవుతుంది. కాలేజీ తన సొంత నిధులను ముందు వచ్చినవారికి ముందుగా పంచేదైతే ఆ ఆలస్యం నిజంగానే నష్టం.

మూడవది గోప్యత. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ మన ఇళ్లలో దీనికి విలువ ఉంది. నేరుగా వచ్చిన పన్ను అంకెలు విద్యార్థికి కనిపించవు, ఇచ్చిన తల్లిదండ్రులకు కూడా తెరపై కనిపించవు. తన జీతం ఎంతో పిల్లలకు చెప్పడం ఇష్టంలేని తండ్రికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. చేత్తో నింపే దారిలో, అందునా ఈ దరఖాస్తు కోసం తండ్రి తెరవాల్సిన ఖాతాలోకి కొడుకే వెళ్లి అన్నీ నింపే ఇళ్లలో, ఆ చాటు ఉండదు. అయినా ఒకరి ఖాతాను మరొకరు తెరవడం, వాడడం నిబంధనలకు విరుద్ధం. తండ్రి ఖాతా తండ్రిదే, ఆ సంతకం ఆయనదే.

అయితే ఈ కనిపించకపోవడమే నేరు మార్గానికి ఉన్న లోపం కూడా. ఏ అంకె వచ్చిందో తెలియనప్పుడు తప్పును పట్టుకోవడం కష్టం. 2024 వసంతంలో కొన్ని దరఖాస్తుల్లోకి వచ్చిన పన్ను వివరాలు సరిగా లేవని విద్యాశాఖే ప్రకటించవలసి వచ్చింది. అందుకని ప్రభుత్వ సైటులో సహాయాన్ని అంచనా వేసే ఎస్టిమేటర్‌లో తమ ఫారం 1040 అంకెలు వేసి చూసుకుని, దరఖాస్తు తర్వాత వచ్చే, కుటుంబ స్థోమతను సూచించే స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ అనే అంకెతో పోల్చుకోవడం మంచిది. ఆ ఇండెక్స్ −1500 దాకా దిగగలదు. అది ఎంత తక్కువైతే అవసరం అంత ఎక్కువని అర్థం. రెండింటికీ పొంతన లేకపోతే కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయాన్ని అడగాలి, ఎందుకంటే నేరుగా వచ్చిన అంకెను దరఖాస్తుదారు దిద్దలేరు. 1040‑ఎక్స్‌తో రిటర్నును తర్వాత సవరించినవారు కూడా ఆ సంగతి కాలేజీకి చెప్పాలి. ఉద్యోగం మారినప్పుడు పాత రిటైర్‌మెంట్ ఖాతాను కొత్తదానిలోకి మార్చుకున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి: ఆ మొత్తం రిటర్నులో పంపిణీగా కనిపిస్తుంది, అది రోలోవర్ అని ఫారంలో విడిగా అడిగిన చోట చెప్పకపోతే రాని ఆదాయం వచ్చినట్టు లెక్కలోకి ఎక్కుతుంది.

నేరు మార్గం తెచ్చేది పన్ను రిటర్నులోని వివరాలనే అన్నది చాలామంది మరచిపోయే విషయం. ఆస్తుల ప్రశ్నలకు జవాబు ఎప్పుడూ చేత్తోనే రాయాలి. నివసించే ఇల్లు, రిటైర్‌మెంట్ ఖాతాలు ఫాఫ్సా లెక్కలోకి రావు. కానీ హైదరాబాదులో అద్దెకిచ్చిన ఫ్లాటు, విజయవాడ పక్కన కొనిపెట్టుకున్న ప్లాటు, ప్రవాస భారతీయులుగా భారతీయ బ్యాంకులో వేసుకున్న ఎన్ఆర్ఈ డిపాజిట్లు ఎక్కడున్నా ఆస్తులే. ఎన్ఆర్ఈ వడ్డీకి భారతదేశంలో పన్ను లేకపోవచ్చు గాని అమెరికాలో పన్ను చెల్లించే నివాసికి అది ఆదాయమే, రిటర్నులో చూపవలసిందే. కావాలని తప్పుడు వివరాలిస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు శిక్ష పడవచ్చని దరఖాస్తు స్పష్టంగా హెచ్చరిస్తుంది. ఆ ఊళ్లో ఉన్నది వీళ్లకెలా తెలుస్తుంది అనే ధోరణి ఇక్కడ పనికిరాదు.

నేరు మార్గానికి పేర్ల తేడా మరో అడ్డంకి. ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చే పేరు, పుట్టిన తేదీ, నంబరు సోషల్ సెక్యూరిటీ రికార్డుతో సరిపోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, సోషల్ సెక్యూరిటీ కార్డులో మరోచోట, పొడవాటి పేరు సగానికి తెగి ఇంకోచోట ఉండడం తెలుగువారికి కొత్త కాదు. ఖాతాలో కార్డు మీద ఉన్నట్టే రాయాలి. పేరు తప్పనిపిస్తే ముందు కార్డునే సరిచేయించుకోవాలి.

చేత్తో నింపడమే దారి అయ్యే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. అమెరికాలో కొన్నేళ్లు పనిచేసి, అక్కడ పుట్టిన పిల్లలతో హైదరాబాదుకో విశాఖపట్నానికో తిరిగివచ్చినవారు వీరిలో ముఖ్యులు. పిల్లలు అమెరికా పౌరులే కాబట్టి పద్దెనిమిదేళ్లకు అక్కడ కాలేజీలో చేరితే ఫెడరల్ సహాయం అడగవచ్చు, కానీ తల్లిదండ్రులు దాఖలు చేసేది భారతీయ ఆదాయపు పన్ను రిటర్ను. ఐఆర్‌ఎస్ దగ్గర తెప్పించుకోవడానికి ఏమీ ఉండదు. అయినా సమ్మతి ఇచ్చి, విదేశీ రిటర్ను దాఖలు చేశామని చెప్పి, రూపాయలను డాలర్లలోకి మార్చి నింపాలి. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి దాకా, వాళ్లది జనవరి నుంచి డిసెంబరు దాకా. ఏ కాలాన్ని ఎలా చూపాలన్నది కాలేజీ కార్యాలయాన్నే రాతపూర్వకంగా అడిగి, ఫారం 16, జీతపు స్లిప్పులు, ఐటీఆర్ దాచుకోవడం క్షేమం. మరొక మాట: హెచ్‌1బి రోజుల్లో వచ్చిన సోషల్ సెక్యూరిటీ నంబరు జీవితాంతం చెల్లుతుంది. దేశం విడిచి వచ్చాం కాబట్టి నంబరు లేదని రాయకూడదు.

రిటర్నును భార్యాభర్తలు కలిపి వేయడమా, విడివిడిగా వేయడమా అన్నది ఈ దరఖాస్తుకు చాలా ముందే తీసుకునే నిర్ణయం గానీ దాని ప్రభావం ఇక్కడ కనిపిస్తుంది. కలిపి వేసినవారిలో ఒక్కరు ఖాతా తెరిచి సమ్మతి ఇస్తే చాలు. తల్లికి సోషల్ సెక్యూరిటీ నంబరు లేని హెచ్‌4 కుటుంబంలో తండ్రి ఒక్కడితో పని పూర్తవుతుంది. విడిగా వేస్తే ఇద్దరూ రావాలి, ఇద్దరూ సమ్మతించాలి. ఆదాయం తగ్గినట్టు కనిపిస్తుందని కొందరు ఆశిస్తారు గాని, ఇద్దరి అంకెలూ చివరికి కలిసే లెక్కలోకి వస్తాయి. పైగా విడిగా వేసేవారికి 2,500 డాలర్ల దాకా వచ్చే అమెరికన్ ఆపర్చునిటీ పన్ను క్రెడిట్ (కట్టాల్సిన పన్నులోంచే తగ్గే మొత్తం) దక్కదు. కాలేజీ సహాయం దృష్ట్యా కలిపి వేయడమే మేలు.

విడిపోయిన దంపతుల విషయంలో 2024–25 నుంచి నియమం మారింది. అంతకుముందు పిల్ల ఎవరి దగ్గర ఎక్కువ కాలం ఉందో వారి వివరాలు అడిగేవారు. ఇప్పుడు గత పన్నెండు నెలల్లో ఎవరు ఎక్కువ ఆర్థికంగా పోషించారో వారివి. కలిపి రిటర్ను వేశాక విడాకులు తీసుకున్నా, ఒకరు మరణించినా, ఉమ్మడి అంకెల్లోంచి ఒకరి వాటాను విడదీసి చూపాలి, కాబట్టి అక్కడ చేతిరాతే శరణ్యం.

కాలేజ్ బోర్డు నడిపే సీఎస్ఎస్ ప్రొఫైల్ సంగతి వేరు. చాలా ప్రైవేటు కాలేజీలు తమ సొంత నిధుల కోసం ఫాఫ్సాతో పాటు దీన్నీ అడుగుతాయి. ఇక్కడ ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా వచ్చే దారి లేదు; అంకెలు చేత్తో నింపి, కాలేజీ కోరితే రిటర్నులు, డబ్ల్యూ2లు కాలేజ్ బోర్డు పత్రాల సేవ అయిన ఐడాక్ ద్వారా పంపాలి. నివసించే ఇంటి విలువ, విడిగా ఉన్న తల్లి లేదా తండ్రి ఆదాయం కూడా ఇందులో చాలా కాలేజీలు చూస్తాయి. మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపై ఒక్కొక్కదానికి 16 డాలర్లు రుసుము. ఏడాదికి లక్ష డాలర్లకు మించని ఆదాయం ఉన్న దేశీయ విద్యార్థుల కుటుంబాలకు అది ఉండదు. హెచ్‌4 పిల్లలకు ఫాఫ్సా తలుపు మూసుకున్నా కొన్ని కాలేజీలు ఈ ప్రొఫైల్ మీద సహాయం ఇస్తాయి. కాబట్టి నేరు మార్గం ఉంది కదా అని ఫారం 1040 ప్రతిని పక్కన పడేయకూడదు.

ఉద్యోగం పోయిన కుటుంబం రెండేళ్ల వెనుకటి పెద్ద జీతం చూసి నిరాశపడి, ఆ అంకెకు బదులు ఇప్పటి ఆదాయం వేయవచ్చా అని ఆలోచించడం సహజం. ఆ వెసులుబాటు రెండు దారుల్లోనూ లేదు. 2024 అంకె 2024దిగానే ఉండాలి. దరఖాస్తు పంపాక కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయానికి తొలగింపు పత్రం, నిరుద్యోగ భృతి కాగితాలు, తాజా జీతపు స్లిప్పులు జతచేసి పునఃపరిశీలన కోరాలి. అంకెలను సర్దుబాటు చేసే అధికారం చట్టం ఆ కార్యాలయానికే ఇచ్చింది, ఒక కాలేజీ నిర్ణయం మరో కాలేజీకి వర్తించదు కనుక పిల్లవాడు దరఖాస్తు చేసిన ప్రతి చోటా విడిగా అడగాలి.