వైర్‌లెస్ బుగ్గలు, సైరన్ కిట్: దీపాలకు తీగ అక్కర్లేదు, మోతకు తప్పదు

అంబులెన్సుకూ ఫైరింజనుకూ లైట్ బార్ పైకప్పు మీదే బిగించి ఉంటుంది. ఇబ్బందల్లా పిలుపు వచ్చినప్పుడు మాత్రమే అత్యవసర వాహనాలయ్యే మామూలు కార్లతోనే. ఈ కిట్లు వాటి కోసమే. అయస్కాంతంతో అంటుకునే నాలుగు ఎల్‌ఈడీ బుగ్గలు, సైరన్ యాంప్లిఫయర్, హారన్ స్పీకర్, రిమోట్, బుగ్గలను ఛార్జ్ చేసే పెట్టె వస్తాయి. పైకప్పుకు బెజ్జం పెట్టనక్కర్లేదు, పని అయ్యాక తీసి డిక్కీలో పెట్టేయొచ్చు. దీపాల మటుకు ఇదంతా నిజమే. సైరన్ విషయంలోనే ‘వైర్‌లెస్’ అన్న మాటను ఆచితూచి చదవాలి.

లెక్క చూడండి. ఒక్కో బుగ్గలో 3 వాట్ల ఎల్‌ఈడీలు 10 ఉంటే, అన్నీ వెలిగినప్పుడు 30 వాట్లు. మిణుకుమనే దీపాలు గనక మూడో వంతు సేపే వెలుగుతాయనుకున్నా సగటు 10 వాట్లు. లోపలి 3.7 వోల్టుల, 5,200 ఎంఏహెచ్ లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 19 వాట్-అవర్లు. ఈ లెక్కన గంటా ముప్పావు వస్తే గొప్ప. డబ్బా మీద ‘8 గంటలు’ అని ఉంటే అది వెలుగు తగ్గించి, నెమ్మదిగా మిణుకుమనే ప్యాటర్న్‌లో కొలిచింది.

అదే బ్యాటరీని 100 వాట్ల సైరన్‌కు పెడితే 11 నిమిషాల్లో ఖాళీ. అందుకే పెద్ద సైరన్ ఉన్న కిట్లలో వైర్‌లెస్ అంటే రిమోట్ ఒక్కటే. యాంప్లిఫయర్‌కు కరెంటు బండి 12 వోల్టుల బ్యాటరీ నుంచే రావాలి. అది దాదాపు 10 ఆంపియర్లు లాగుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చి నడిపిస్తే మొదట ప్లగ్ వేడెక్కుతుంది, తర్వాత ఫ్యూజ్ ఎగిరిపోతుంది, అదీ సరిగ్గా కూడలి మధ్యలో. నేరుగా బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగి, పాజిటివ్ టెర్మినల్ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజ్ వేయండి. కొన్ని కిట్లతో వచ్చే 0.75 తీగ వాడితే 3 మీటర్ల దూరానికే, రానూపోనూ కలిపి, ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతుంది. మోత నీరసిస్తుంది.

పూర్తిగా బ్యాటరీతో నడిచే 25 వాట్ల బుల్లి సైరన్లూ ఉన్నాయి. 100 వాట్ల దానికన్నా ఇవి 6 డెసిబెల్స్ తక్కువ. అంటే అదే గట్టిదనం సగం దూరం దాకానే. అద్దాలు మూసి, ఏసీ వేసి, పాటలు పెట్టుకున్న ముందు కారు డ్రైవరుకు అది వినబడేసరికి మీరు అతని బంపరు దగ్గర ఉంటారు. ఆగి ఉన్న చోట జనాన్ని పక్కకు తప్పించడానికైతే చాలు, వేగంగా వెళ్లే బండికి కొనకండి.

ఇక అయస్కాంతం. ‘40 కిలోల పట్టు’ అని రాసేది నిట్టనిలువుగా పైకి లాగినప్పటి లెక్క. పరుగులో గాలి నెట్టేది పక్కకు. ఆ దిశలో పట్టు అందులో కొద్ది భాగమే. పైకప్పు మీద దుమ్ము ఉంటే అది ఇంకా తగ్గుతుంది, పెయింటు మీద గీతలు బోనస్. పెట్టే ముందు తడిగుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. అడుగున రబ్బరు పొర ఉన్నవే కొనండి, జారకుండా ఆపేది అదే. బుగ్గకు కట్టిన భద్రతా తాడును తలుపు సందులోంచి లోపలికి లాగి బిగించాల్సిందే. అల్యూమినియం పైకప్పుకూ గాజు సన్‌రూఫ్‌కూ అయస్కాంతం అసలు అంటుకోదు. కొనేముందు ఫ్రిజ్ మీది బొమ్మ అయస్కాంతం పెట్టి చూస్తే తేలిపోతుంది.

వెలుగులో మాత్రం వంక పెట్టేదేమీ లేదు, ప్యాకింగ్ మీద ఎస్‌ఏఈ జె845 క్లాస్ 1 లేదా ఈసీఈ ఆర్65 అనే హెచ్చరిక దీపాల ప్రమాణాల గుర్తు ఉంటే. ఆ గుర్తులు లేని చవక సరుకు పగటి ఎండలో కళ్లకు ఆనదు. ఏ రంగు ఎవరు వాడొచ్చన్నది దేశానికో తీరు, అనుమతి ముందే చూసుకోండి. రాత్రిపూట వెలుగు తగ్గించే బటన్ లేని కిట్ జోలికి పోవద్దు. బండి ఆపి రోడ్డు మీద పని చేస్తుంటే ఎదురొచ్చే డ్రైవరు కళ్లు చెదిరి మీ మనుషులే కనబడరు. డ్యాష్‌బోర్డ్ మీద పెట్టే దీపానికైతే అద్దానికి ఆనుకునే నల్లటి తొడుగు ఉండాలి, లేకపోతే మెరుపు తిరిగి మన కళ్లలోనే కొడుతుంది.

రిమోట్ సిగ్నల్ తెగితే బుగ్గలు ఆరిపోతాయా, ఉన్న ప్యాటర్న్‌లోనే కొనసాగుతాయా అన్నది దుకాణంలోనే పరీక్షించండి. ఒకటి వెలిగించి, రిమోట్ బ్యాటరీ తీసేయండి. ఆరిపోయేది వద్దు. వాడకంలో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ‘ఛార్జ్ ఎక్కడం లేదు’ అని. చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు, పెట్టెలోని ఇత్తడి పిన్నుల మీద పేరుకున్న మట్టిది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. అసలైన బ్యాటరీ చావు ఎండలో నిలిపిన బండిలో పెట్టెను నెలల తరబడి వదిలేయడం వల్ల వస్తుంది. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ పెట్టినా అంతే.