మూడు రకాల హెయిర్ డై వేసి చూశాక రాస్తున్నాను

మా అమ్మకి 68 ఏళ్లు, నాకు 46. ఇద్దరి తలకీ రంగు వేసేది నేనే. నా జుట్టు మెత్తన, తెల్ల వెంట్రుకలు అక్కడక్కడ మాత్రమే. అమ్మ తల పూర్తిగా ముగ్గుబుట్ట, పైగా వెంట్రుక గట్టిది, కణతల దగ్గరైతే ఏ రంగూ ఓ పట్టాన ఎక్కదు. ఏడాదిన్నరలో మూడు రకాలు మార్చి మార్చి వేశాను, మూడూ నేచురల్ బ్లాకే, మూడూ ఒక్కోలా తేలాయి. కంపెనీల పేర్లు రాయట్లేదు, ఎందుకంటే తేడా అంతా కంపెనీలో కంటే లోపల కలిపిన బేస్‌లోనే, అంటే రంగు మందుని మోసే క్రీమ్‌లోనో పొడిలోనో, ఉందని నాకు అర్థమైంది. అర్థమయ్యేలా చెప్పింది తెనాలిలో బ్యూటీ పార్లర్ నడిపే మా వదిన.

అసలు రంగు మందు మూడింట్లోనూ ఒకటే, పారాఫినిలిన్ డయమైన్, డబ్బా మీద పీపీడీ అని ఉంటుంది. 1883లోనే పారిస్‌లో దీన్ని జుట్టు రంగుగా పేటెంట్ చేశారు, ఇప్పటికీ నల్ల రంగులకి చాలావరకు అదే ఆధారం. దానంతట అది నల్లగా ఉండదు. రంగు తేల్చే పెరాక్సైడ్ అనే మందు తగిలి, రిసార్సినాల్ లాంటి ఇంకో పదార్థంతో జత కట్టి, వెంట్రుక లోపల పెద్ద రంగు కణంగా మారితేనే నలుపు. పెద్దదయ్యాక బయటికి రాలేదు, అందుకే తలంట్లకి నిలుస్తుంది. ఆ చిన్న కణాన్ని వెంట్రుక లోపలికి చేర్చడం, అక్కడికి వెళ్లేదాకా బయటే రంగుగా మారిపోకుండా ఆపడం, నెత్తి మీద అరగంట తడిగా నిలబెట్టడం, ఇవన్నీ బేస్ పని.

మొదట పొడి ప్యాకెట్. నీళ్లతో కలుపుకునేది, చవక, వాసన దాదాపు లేదు. పీపీడీతో పాటు పెరాక్సైడ్ కూడా పొడి రూపంలో అందులోనే ఉంటుంది, నీళ్లు తగిలాకే పని మొదలు. చిక్కదనం కోసం జిగురు పొడి తప్ప వేరే క్రీమేమీ లేదు కాబట్టి తొందరగా ఎండిపోతుంది. అమ్మని ఫ్యాన్ కింద కూర్చోబెట్టి పెద్ద తప్పు చేశాను. పావుగంటకే చివర్లు పెళుసుబారి, నల్లటి పొలుసులు జాకెట్ భుజం మీద రాలాయి. ఎండిన చోట రసాయనం ఆగిపోతుంది, తడి ఉంటేనే లోపలికి దిగుతుంది. తడి ఉన్న చోట మటుకు బొగ్గు నలుపు వచ్చింది, పక్కనే రాగి రంగు ముక్కలు. రేపు పెళ్లుందంటే ఈ రోజుకి పనికొస్తుంది గానీ, నాకు నచ్చలేదు.

రెండోది అమ్మోనియా లేని క్రీమ్. డబ్బా మీద ఆ మాట ఇంత పెద్ద అక్షరాల్లో ఉంటే నేను ఇక మందులేమీ లేవనుకున్నాను. వదిన డబ్బా వెనక్కి తిప్పి, సన్న అక్షరాల్లో ఇథనాలమైన్ అన్న మాట మీద వేలు పెట్టి, "క్షారం లేకుండా పొర తెరుచుకోదమ్మా, అమ్మోనియా తీసేసి దీన్ని పెట్టారు, ఇది ఆవిరి కాదు కాబట్టి ముక్కుకి తెలీదు అంతే" అంది. వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది, క్షారం దాన్ని ఉబ్బించి తెరుస్తుంది, పెరాక్సైడ్‌ని కూడా చురుకు చేస్తుంది. అమ్మోనియా చిన్న కణం, పని చేసుకుంటూ గాల్లోకి పోతుంది. ఇథనాలమైన్ పెద్దది, నెమ్మది, పోకుండా జుట్టులోనే ఉంటుంది, అందుకే కడగడం బాగా కడగాలి. నా మెత్తని జుట్టుకి ఈ క్రీమ్ హాయిగా సరిపోయింది, ఆరు వారాలు చూసుకోనక్కర్లేదు. అమ్మకి మాత్రం మొదటి రోజు బ్రహ్మాండంగా ఉండి, నాలుగో తలంటుకి కణతలు మళ్లీ తెల్లగా తేలాయి. అమ్మ అద్దంలో చూసుకుని ఏమీ అనకుండా కొంగు కప్పుకుంది, నాకు ప్రాణం ఉసూరుమంది.

మూడోది అమ్మోనియా క్రీమ్, ట్యూబు, డెవలపర్ (పెరాక్సైడ్ ఉండే ద్రవం) సీసా విడివిడిగా. వాసన ఘాటు, కిటికీలు తీసిపెట్టాల్సిందే, కలిపేటప్పుడు కళ్లు చెమ్మగిల్లుతాయి. కానీ పనితనం దీనిదే. ట్యూబులోది వెన్నలా తెల్లగా వచ్చింది, డెవలపర్ పాలలా పల్చన. రెండూ కలుపుతుంటే చిక్కబడి గట్టి పెరుగులా అయింది. ఆ చిక్కదనం సిటైల్ ఆల్కహాల్, స్టియరైల్ ఆల్కహాల్ అనే మైనం లాంటి పదార్థాలది, పేరు ఆల్కహాలే గానీ తాగేదానితో సంబంధం లేదు. అది సరిగ్గా ఉంటే రంగు నుదుటి మీదికి జారదు, ఎండదు. మరీ జిడ్డుగా ఉంటే రంగు ఆ జిడ్డులోనే ఉండిపోయి వెంట్రుకకి తక్కువ చేరుతుందట. గిన్నెలో పది నిమిషాలు వదిలేసిన ముద్దని బ్రష్షుతో గీసి చూడండి, పైన కాఫీ రంగు పొర, లోపల ఇంకా లేత రంగే. గాలి తగిలిన చోట ముందే మారిపోయింది. ముందే కలిపి ఫోన్ మాట్లాడుతూ కూర్చుంటే సగం రంగు గిన్నెలోనే అయిపోతుంది. ట్యూబులో సోడియం సల్ఫైట్ లాంటివి వేసేది ఇందుకే, ముందుగా రంగు తిరగకుండా. సగం వాడి దాచిన ట్యూబు మూతి నల్లబడి ఉంటే ఒక అంగుళం పిండి పారేసి మిగతాది వాడుకోవచ్చు.

డెవలపర్ దగ్గర నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. తెల్లజుట్టు ఎక్కువ కదా, గట్టిది అయితే నల్లగా వస్తుందని 40 వాల్యూమ్ కొన్నాను, అంటే 12 శాతం పెరాక్సైడ్. వదిన ఫోన్లోనే తిట్టింది. "అది రంగు దింపడానికి, ఎక్కించడానికి కాదు, 20 చాలు" అని. 20 వాల్యూమ్ అంటే 6 శాతం. ఎక్కువ పెడితే రంగు లోపలికి వెళ్లకముందే కాలిపోతుంది, పక్కనున్న నల్ల వెంట్రుకల్లో సహజంగా ఉన్న నలుపు కూడా దిగి ఎరుపు తేలుతుంది. రంగు వెలిసి ఎర్రబడిందని మనం అనుకునేదాంట్లో కొంత ఇదే. ఇంకో సీసా చవగ్గా దొరికిందని పెద్దది కొంటే, షాపులో ఎన్నాళ్లు ఎండలో ఉందో, మూత తీయగానే బుస్సుమంది, రంగు సగమే ఎక్కింది. చిన్న సీసాలే కొనండి.

స్టీలు గిన్నె, ఇత్తడి గిన్నె వద్దు, ప్లాస్టిక్కే. లోహం తగిలితే పెరాక్సైడ్ విరిగిపోతుంది. మా ఇంట్లో బోరు నీళ్లు, వాటిలోని ఇనుము, రాగి కూడా జుట్టుకి పట్టి అదే పని చేస్తాయి. మంచి క్రీముల్లో ఈడీటీఏ వేసేది వాటిని కట్టేయడానికే, డబ్బా మీద ఆ మాట వెతుకుతాను. రంగుకి రెండు రోజుల ముందు బోరు నీళ్లు కాకుండా కుళాయి నీళ్లతో తలంటి, తర్వాత నూనె పెట్టకుండా ఉంచుతాను. అమ్మకి నూనె లేని తల అంటే పరమ చిరాకు, అయినా ఓర్చుకుంటుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నాను. హెర్బల్ నల్ల మెహందీ అని షాపులో ఇస్తే నమ్మి వేసుకున్నాను, మర్నాటికి చెవుల వెనక దద్దుర్లు, దురద, మూడు రోజులు నిద్ర లేదు. ప్యాకెట్ వెనక చూస్తే పీపీడీ రాసే ఉంది. గోరింటాకు ఒక్కటే నల్లగా పండదు, ఎర్రగానే పండుతుంది, నలుపు వచ్చిందంటే ఏదో కలిపినట్టే. అమ్మోనియా లేదన్నా, హెర్బల్ అన్నా, పీపీడీ ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న. యూరప్‌లో కలిపాక తల మీద 2 శాతం దాటకూడదని నియమం, మన దగ్గర పీపీడీ రంగుల డబ్బా మీద ముందు పరీక్ష చేసుకోమని, కనుబొమ్మలకీ రెప్పలకీ వాడితే చూపు పోవచ్చని హెచ్చరిక వేయాలి. మోచేతి మడతలో కాస్త రాసి 48 గంటలు ఆగండి. నాలా ఒకసారి దద్దుర్లు వచ్చినవాళ్లు డాక్టరుని అడగకుండా మళ్లీ ముట్టుకోవద్దు. నేను చర్మ డాక్టరుకి చూపించుకున్నాను, నా తలకి రంగు మానేసి నాలుగు నెలలైంది.

అమ్మకి మాత్రం అమ్మోనియా క్రీమే, 20 వాల్యూమ్, చేతులకి గ్లౌజులు వేసుకుని. ముందు కణతలకి రాసి పది నిమిషాలు ఆగి, తర్వాత మిగతా తలకి, మొత్తం 35 నిమిషాలు, ఫ్యాన్ ఆపేసి. పోయిన నెల వేసింది ఇంకా కణతల దగ్గర నల్లగానే ఉంది, మొన్న చుట్టాలింట్లో అమ్మ కొంగు కప్పుకోకుండా కూర్చుంది.