కోపంగా ఉన్న ఫోటో: గై క్లార్క్ చివరి ఆల్బమ్ పదేళ్లు విన్నాక

2014లో డాలస్‌లో మా అన్నయ్య ఇంటికి వెళ్లినప్పుడు ఈ సీడీ కొన్నాను. గై క్లార్క్ పాటలు తనే రాసి పాడే అమెరికా జానపద, కంట్రీ గాయకుడని అప్పటికి తెలియదు. అట్ట మీది బొమ్మే కొనిపించింది. ఒక పెద్దాయన చేతిలో చిన్న పోలరాయిడ్ ఫోటో, అందులో చేతులు కట్టుకుని మండిపడుతున్న ఒకావిడ.

ఆ పెద్దాయన గై క్లార్కే, ఆవిడ ఆయన భార్య సుసానా. చిత్రకారిణి, పాటలు కూడా రాసేది. ఒకరోజు ఈయన, ఈయన స్నేహితుడైన గాయకుడు టౌన్స్ వాన్ జాంట్ కలిసి తాగి ఉంటే, విసిగిపోయి ఇంట్లోంచి బయటికి నడిచింది. ఆ క్షణంలో తీసిన ఫోటో అది. 2012లో ఆమె చనిపోయింది. 2013లో ఆల్బమ్ వచ్చింది, పేరు ‘మై ఫేవరిట్ పిక్చర్ ఆఫ్ యూ’. నాకు అన్నిటికన్నా ఇష్టమైన నీ ఫోటో ఇదే అంటూ, తన మీద మండిపడుతున్న మనిషిని చూపిస్తున్నాడు. ఆ పాటలో ఏడుపు లేదు, క్షమాపణ కూడా లేదు. మొదట్లో అది నాకు లోపంగా తోచింది. ఇప్పుడు ఆ పాట అందుకే నిలబడిందనిపిస్తోంది.

అప్పటికి ఆయనకు 71 ఏళ్లు. గొంతు బొంగురుపోయింది, పై స్వరాలు అందవు. సగం పాడినట్టు, సగం మాట్లాడినట్టు ఉంటుంది. మొదటి వారం ‘అలసిపోయిన గొంతు’ అనుకుని పక్కన పెట్టాను. కారులో వింటే గిటారు తప్ప ఏదీ తెలియదు, రాత్రి హెడ్‌ఫోన్లతో వినాలి. అప్పుడు ఫిడేలు, మాండొలిన్, వెనక నిలువు బాస్ విడివిడిగా వినిపిస్తాయి. డ్రమ్ముల హోరు లేదు. నాష్‌విల్‌లో తన ఇంటి కింది గదిలో గిటార్లు స్వయంగా చేసుకుంటూ, అక్కడే పాటలు రాసుకున్న మనిషి మరి.

పదకొండు పాటల్లో మొదటిది వాల్ట్జ్, అంటే జంటలు నాట్యం చేసే మూడు దెబ్బల లయ. జోళ్లు జారేందుకు నాట్యం చేసే నేల మీద మొక్కజొన్న పిండి చల్లుతారట, ఆ పాట వల్లే తెలిసింది. ‘ఎల్ కయోటీ’ మాత్రం తేలిగ్గా వినలేను. సరిహద్దు దాటిస్తానని డబ్బు తీసుకున్న దళారి, మెక్సికో కూలీలను ట్రక్కులో వదిలేసి పోయే కథ. గొంతు ఎక్కడా పెంచడు. ఇరాక్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడి పాట కూడా అలాంటిదే. సిస్ డ్రేపర్ అనే ఫిడేలు వాద్యకారిణి మరణాన్ని పాత జానపద బాణీలో చెప్పే పాటను మాత్రం ఎన్నిసార్లైనా వింటాను. ‘గుడ్ అడ్వైస్’ నాకు పట్టలేదు, దాటేస్తాను.

గ్రామీలో ఉత్తమ జానపద ఆల్బమ్ బహుమతి దీనికి వచ్చింది. 2016లో ఆయన పోయారు.

మా ఆవిడకు ఇంగ్లీషు పాటలంటే పడదు. నిరుడు అట్ట చూసి, “ఈవిడకు ఎందుకంత కోపం?” అని అడిగింది. చెప్పాను. కాసేపు ఆగి, “అయితే ఆ ఒక్కటి పెట్టండి” అంది.