సిక్లిడ్ జంట గుడ్లకు వస్తే అడ్డుపలక మేలా, వేరే ట్యాంకు మేలా?

నాలుగడుగుల ట్యాంకులో రకరకాల చేపల మధ్య ఒక కన్విక్ట్ జంట (గుడ్లను, పిల్లలను కాపలా కాసే సిక్లిడ్ కుటుంబపు చేపలలో ఒక రకం) గుడ్లకు సిద్ధమైందంటే, సగం ట్యాంకు ఆ రెండింటిదే అవుతుంది. పొట్ట మీద నారింజ రంగు పొలుసులున్న ఆడచేప బోర్లించిన మట్టి కుండీలో గుడ్లకు రెక్కలతో నీళ్లు విసురుతూ ఉంటుంది, మగది బయట కాపలా తిరుగుతుంది. మిగిలిన చేపలు చిరిగిన తోకలతో ఫిల్టరు గొట్టం వెనక పైమూలకు చేరి, మేత వేసినా కిందికి దిగవు. ఈ దృశ్యం కనబడ్డాక కూడా అవే సర్దుకుంటాయని ఊరుకుంటే బలహీనమైన చేపలు ఒక్కొక్కటిగా చనిపోతాయి.

అదే ట్యాంకులో అడ్డుపలక పెట్టడానికి అయ్యే ఖర్చు తక్కువే, కానీ నేను దానిని మెచ్చుకొనేది ఖర్చు చూసి కాదు. జంటను కదిలించనక్కరలేదు, నీరు మారదు, చేపల మలినం నుంచి పుట్టే విషమైన అమ్మోనియాను తొలగించే, ఫిల్టరులో పెరిగిన బాక్టీరియా యథాతథంగా పనిచేస్తుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. కాపలా కాసే మగ సిక్లిడ్‌కు తరమడానికి ఎదుట ఏదో ఒక చేప కనబడాలి. చుట్టూ ఏమీ లేని ట్యాంకులో ఒంటరిగా ఉంచిన జంటలలో ఆ కోపం ఆడచేప మీదకే మళ్లడం తరచుగా జరుగుతుంది. పారదర్శకమైన ఆక్రిలిక్ పలక అయితే అవతలి చేపలు కనబడుతూనే ఉంటాయి, దెబ్బ మాత్రం తగలదు.

పలకకు లోపాలూ ఉన్నాయి. నీరు అటూ ఇటూ తిరగడానికి రంధ్రాలు ఉండాలి. కొత్తగా ఈదడం నేర్చిన పిల్లలు ఆ రంధ్రాల గుండా అవతలికి వెళ్లి ఇతర చేపలకు ఆహారమవుతాయి. కాబట్టి రంధ్రాల మీద సన్నని నైలాన్ వల బిగించాలి, ఆ వలకు పట్టే పాచిని వారం వారం తుడవాలి. నీళ్లున్న ట్యాంకులో సిలికాన్‌తో అతికించడం కుదరదు కనుక అంచులను రబ్బరు పట్టీతోనో, ప్లాస్టిక్ చానల్‌తోనో గట్టిగా నిలబెట్టాలి. పైన జాగా వదిలితే మగచేప ఎగిరి దూకుతుంది.

వేరే ట్యాంకులో పిల్లల పెంపకం సులువు. అడుగున రాళ్లు లేకుండా ఒక స్పాంజి ఫిల్టరు, గుడ్లు పెట్టడానికి ఒక పలక ఉంచితే మిగిలిన మేత, మలినం కంటికి కనబడతాయి, పిల్లలను మింగే చేప ఏదీ ఉండదు. అయితే సమయం తప్పకూడదు. రెండు చేపలూ ఒకే చోటును నోటితో శుభ్రం చేస్తూ, కడుపు కింద గుడ్ల గొట్టం బయటకు కనబడుతున్నప్పుడే జంటను మార్చాలి. గుడ్లు పెట్టిన తరవాత కదిలిస్తే బెదిరి వాటిని తినేయవచ్చు. కొత్త ట్యాంకులో అమ్మోనియాను తొలగించే బాక్టీరియా ఉండదు గనుక స్పాంజిని ముందుగా కొన్ని వారాలు పాత ట్యాంకులో నడిపి, అప్పుడు తీసుకొనిరావాలి. కృష్ణా నీరే అయినా కుళాయిలో క్లోరిన్‌తో వస్తుంది, దానిని తొలగించకుండా నింపకూడదు.

మన ఊళ్లలో దీనికి అసలు ఇబ్బంది ఎండాకాలం. మే నెలలో విజయవాడలో బయట 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకులోని 57 లీటర్ల నీరు, నాలుగడుగుల ట్యాంకులోని 250 లీటర్ల కంటే చాలా త్వరగా వేడెక్కుతుంది. నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ సమయంలో కరెంటు పోయి గాలి పంపు ఆగితే చిన్న ట్యాంకే ముందుగా దెబ్బతింటుంది. బ్యాటరీ పంపు లేని ఇంట్లో ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఈ దారి ఎంచుకోవద్దనే చెబుతాను.

జంటను ఉంచి మిగిలినవాటిని తరలించడం రెండు మూడు చేపలున్నప్పుడు మంచిదే, పది ఉంటే కష్టం. గుడ్లను మాత్రమే తీసి మిథిలీన్ బ్లూ (గుడ్లకు బూజు పట్టకుండా వేసే నీలి మందు) కలిపిన నీటిలో పొదిగించే పద్ధతి ఏంజెల్ అనే సిక్లిడ్‌కు నప్పుతుంది. మరో సిక్లిడ్ అయిన డిస్కస్‌కు నప్పదు, ఎందుకంటే దాని పిల్లలు మొదటి రోజులలో తల్లిదండ్రుల ఒంటి మీది జిగురునే తింటాయి.

కన్విక్ట్ జంటకు నా ఓటు అడ్డుపలకకే. అవి కఠినమైన (ఖనిజ లవణాలు ఎక్కువగా ఉన్న) బోరు నీటిలో కూడా గుడ్లు పొదుగుతాయి, పిల్లలను తెగించి కాపాడుకుంటాయి, కాబట్టి వాటి నుంచి ఇతర చేపలను రక్షించడమే మన పని. ఏంజెల్ జంట విషయం వేరు. అవి గుడ్లను తామే తినేసే అవకాశం ఎక్కువ, కఠినమైన నీటిలో గుడ్లు సరిగా ఫలదీకరణ చెందకపోవచ్చు. పెద్ద ట్యాంకు నీటినంతా మెత్తబరచడం కంటే చిన్న ట్యాంకులో ఆర్‌ఓ నీరు తగుపాళ్లలో కలపడం తేలిక గనుక, వాటికి వానలు పడి వేడి తగ్గిన తరవాత వేరే ట్యాంకు పెట్టడమే మేలు.