రొమ్ము క్యాన్సర్: ముందు ఆపరేషనా, ముందు కీమోనా? ఏది మేలు?

బయాప్సీలో క్యాన్సర్ అని తేలగానే ఇంట్లో వాళ్ళ నోట వచ్చే మొదటి మాట "వెంటనే తీయించేద్దాం" అనే. ఆ పరిస్థితిలో డాక్టరు "ముందు కొన్ని నెలలు కీమో ఇద్దాం, ఆపరేషన్ తర్వాత చూద్దాం" అంటే టెన్షన్ రెట్టింపవుతుంది. గడ్డను ఒంట్లో పెట్టుకుని అన్ని నెలలు ఎలా ఉంటాం? ఈలోగా పాకితే?

ఈ భయానికి జవాబు వెతికిన పెద్ద పరిశోధన 1988లో అమెరికాలో మొదలైంది. పేరు బీ-18. దాన్ని నడిపిన సర్జన్ బెర్నార్డ్ ఫిషర్‌కు నిజానికి ఇంకా పెద్ద ఆశే ఉంది. ఎలుకల్లో అసలు గడ్డను తీసేశాక వేరేచోట మిగిలిన క్యాన్సర్ కణాలు జోరందుకోవడం ఆయన ల్యాబ్‌లో కనిపించింది. అందుకే కత్తి పెట్టకముందే మందు ఇస్తే ఎక్కువమంది బతుకుతారేమో అనుకున్నారు. 1,523 మంది మహిళల్లో కొందరికి నాలుగు సైకిళ్ల (విడతల) కీమో ముందు, మిగతావారికి అదే కీమో ఆపరేషన్ తర్వాత ఇచ్చారు. ఏళ్ల తరబడి గమనించినా ఆయుష్షులో తేడా రాలేదు. ఫిషర్ ఆశ ఫలించలేదు కానీ ఇంట్లో వాళ్ళ భయం కూడా తప్పని తేలింది. కీమో నడుస్తుండగా గడ్డ పెరిగినవాళ్ళు నూటికి ముగ్గురే.

మరి ముందు కీమోతో లాభమేంటి? మొదట అందరూ చెప్పేది రొమ్ము దక్కడం. గడ్డ చిన్నదైతే మొత్తం తీయకుండా గడ్డవరకే తీయొచ్చు. బీ-18లో అలా దక్కించుకున్నవారు ముందు కీమో తీసుకున్నవాళ్ళలో 68 శాతం, ముందు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో 60 శాతం. తేడా ఉంది కానీ మరీ అంత గొప్పదేం కాదు. పైగా దీనికో మెలిక కూడా ఉంది. ఇలాంటి 10 పరిశోధనలను కలిపి 2018లో లెక్క వేస్తే, 15 ఏళ్లలో అదే చోట క్యాన్సర్ తిరగబెట్టడం ముందు కీమో తీసుకున్నవాళ్ళలో 21.4 శాతం, ఆపరేషన్ ముందు జరిగినవాళ్ళలో 15.9 శాతం. మరణాల్లో మాత్రం తేడా లేదు. ఆ పాత పరిశోధనల్లో కొన్నిట్లో గడ్డ కరిగిపోయిందని ఆపరేషనే మానేసినవాళ్ళూ ఉన్నారు. చేతికి తగలనంత మాత్రాన క్యాన్సర్ లేనట్టు కాదు. ఆపరేషన్ ఎగ్గొట్టడానికి ఇది దారి కాదని గట్టిగా చెప్పాల్సిందే.

నా దృష్టిలో అసలు లాభం వేరే ఉంది. ఆపరేషన్ ముందు చేసి తర్వాత కీమో ఇస్తే ఆ మందు పనిచేస్తోందో లేదో చూసుకోడానికి ఒంట్లో గడ్డ ఉండదు. ముందు కీమో ఇస్తే పనితీరు కళ్ళముందే తెలుస్తుంది. ఆపరేషన్‌లో తీసిన ముక్కలో, చంకలోని లింఫ్ గ్రంథుల్లో (రొమ్ము క్యాన్సర్ సాధారణంగా మొదట పాకేది వీటికే) క్యాన్సర్ ఏమీ మిగల్లేదంటే మంచి కబురు. మిగిలిందంటే మందు మార్చాలన్నమాట. ఈ మార్చడం వల్లే ప్రాణాలు దక్కుతున్నాయి. హెర్2 పాజిటివ్ (క్యాన్సర్ కణాలపై హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే రకం) ఉన్నవాళ్ళలో ఇలా కొంత క్యాన్సర్ మిగిలిన 1,486 మందిపై క్యాథరిన్ అనే పరిశోధన జరిగింది. పాత ఇంజెక్షన్ ట్రాస్టుజుమాబే కొనసాగించినవాళ్ళలో మూడేళ్ల తర్వాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నది 77 శాతం. ట్రాస్టుజుమాబ్‌కే కీమో మందు జోడించిన టీ-డీఎం1కి మారినవాళ్ళలో 88.3 శాతం. జపాన్, కొరియాల్లో జరిగిన క్రియేట్-ఎక్స్‌లో, క్యాన్సర్ మిగిలిన ట్రిపుల్ నెగెటివ్ (రెండు హార్మోన్ రిసెప్టర్లూ, హెర్2 కూడా లేని రకం) రోగులకు కేపసైటబిన్ అనే కీమో మాత్రలు అదనంగా ఇచ్చారు. ఐదేళ్లకు బతికున్నవాళ్ళు 70.3 నుంచి 78.8 శాతానికి పెరిగారు. ఆపరేషన్ ముందే అయిపోయి ఉంటే ఈ మందు ఎవరికి అవసరమో తెలిసేదే కాదు.

కాబట్టి గడ్డ రెండు సెంటీమీటర్లు దాటినా, చంకలో గ్రంథులకు పాకినా, అది హెర్2 పాజిటివో ట్రిపుల్ నెగెటివో అయితే నా ఓటు ముందు కీమోకే. రొమ్మంతా ఎర్రబడి వాచే రకంలో, చర్మానికో ఛాతీ గోడకో అంటుకున్న గడ్డల్లో అసలు ఎంపికే లేదు, కీమోతోనే మొదలుపెట్టాలి.

హార్మోన్ పాజిటివ్ (ఈస్ట్రోజెన్ లాంటి హార్మోన్లతో పెరిగేది), హెర్2 నెగెటివ్ రకం చిన్న గడ్డ అయితే లెక్క తారుమారు. ఆ రకం కీమోకు పూర్తిగా కరగడం అరుదు. అంతకంటే ముఖ్యం, అసలు కీమో అక్కర్లేకపోవచ్చు. గ్రంథులకు పాకని ఇలాంటి క్యాన్సర్ ఉన్న పదివేల మందికి పైగా మహిళలతో జరిగిన టేలర్-ఎక్స్ అనే పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. క్యాన్సర్ తిరగబెట్టే ముప్పును అంచనా వేసే గడ్డ జన్యు పరీక్షలో మధ్యస్థ స్కోరు వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలే సరిపోతాయని తేలింది. 50 ఏళ్లలోపు కొందరికి మాత్రం కీమోతో కొంత మేలు కనిపించింది. గడ్డ అసలు సైజు, గ్రంథుల పరిస్థితి ఆపరేషన్ తర్వాతే కచ్చితంగా తెలుస్తాయి. అవి తెలియకుండా జుట్టు రాలగొట్టుకోవడం దేనికి? హెర్2 పాజిటివ్ అయినా గడ్డ బాగా చిన్నదై, గ్రంథులు శుభ్రంగా ఉంటే ముందు ఆపరేషనే మేలు. తర్వాత తేలికపాటి కీమోతో, ఏడాది ట్రాస్టుజుమాబ్‌తో సరిపెట్టవచ్చు.

ముందు కీమో అని నిర్ణయమైతే, మొదటి సైకిల్‌కు ముందే డాక్టరును ఒకటి అడగండి: "గడ్డలో క్లిప్ పెడుతున్నారా?" అది బియ్యపు గింజంత లోహపు గుర్తు. గడ్డ పూర్తిగా కరిగిపోతే సర్జన్ ఎక్కడ కోయాలో చూపించేది అదే. చంకలో పాకిన గ్రంథి ఉంటే దానికీ ఒకటి పెట్టించమని అడగండి. కీమో తర్వాత కొన్ని గ్రంథులే తీసి చూసేటప్పుడు, ఆ గుర్తున్న గ్రంథి కూడా వాటిలో ఉంటేనే ఫలితాన్ని నమ్మొచ్చు.