డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్: రాత్రి షోకే కాదు, మధ్యాహ్నం క్లాసుకీ వెళ్ళండి

న్యూయార్క్ బ్యాలే కంపెనీ డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ మీ ఊరికి వస్తే రాత్రి షోకి టికెట్ కొనేసి ఊరుకోకండి. ఆ రెండు మూడు రోజుల్లో ఏ స్కూల్లోనో, థియేటర్ రిహార్సల్ గదిలోనో పిల్లల కోసం కూడా ఏదో ఒకటి పెడతారు. అదెప్పుడో, ఎక్కడో ముందు కనుక్కోండి. మేముండే ఒహాయోకి టూర్‌కి వచ్చినప్పుడు శనివారం మధ్యాహ్నం పిల్లల క్లాసు, రాత్రికి అసలు ప్రదర్శన. మధ్యాహ్నం వెళ్ళకపోయుంటే రాత్రి చూసినదాంట్లో సగం నాకు ఎక్కేది కాదు.

అసలు ఈ కంపెనీ మొదలైందే పిల్లల క్లాసులతో. దీన్ని పెట్టిన ఆర్థర్ మిచెల్ న్యూయార్క్‌లోని నల్లజాతివాళ్ళ పేట హార్లెమ్‌లో పుట్టినవాడు, న్యూయార్క్ సిటీ బ్యాలేలో ప్రిన్సిపల్ డాన్సర్, అంటే ముఖ్య నర్తకుడు, అయిన మొదటి నల్లజాతీయుడు. 1957లో 'అగాన్' అనే బ్యాలేలో ఆ కంపెనీ నృత్యదర్శకుడు బాలన్‌షిన్ ఆయన్ని తెల్లజాతి డాన్సర్‌కి జోడీగా పెట్టాడు. ఆ రోజుల్లో అమెరికాలో అది మామూలు సంగతి కాదు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశాక, తన పేట పిల్లలకి ఏదైనా చెయ్యాలని మిచెల్ పట్టుబట్టి, తనకి పాఠం చెప్పిన కారెల్ షూక్‌నే తోడు తెచ్చుకుని 1969లో ఈ సంస్థ పెట్టాడు. గ్యారేజీలో క్లాసులు. ఎండాకాలం తలుపులు బార్లా తీసి ఉంచితే దారిన పోయే పిల్లలు ఆగి చూసేవాళ్ళు, చూస్తూ చూస్తూ లోపలికొచ్చేవాళ్ళు. కాళ్ళకి అతుక్కుపోయే టైట్స్ వేసుకోవడానికి మగపిల్లలు సిగ్గుపడితే నిక్కర్లతోనే రమ్మన్నాడు. తర్వాత అప్పుల వల్ల 2004 నుంచి 2012 దాకా కంపెనీ ప్రదర్శనలు ఆగిపోయాయి. స్కూలు మాత్రం నడిచింది. నాకు ఈ సంస్థ మీద ఇంత గౌరవం ఉండటానికి అదొక్కటి చాలు.

ఇక మధ్యాహ్నం క్లాసు. ఒక డాన్సర్ తన పాయింట్ షూ, అంటే కాలివేళ్ళ కొనల మీద నిలబడటానికి వేసుకునే షూ, పిల్లల చేతికిచ్చింది. ముందు భాగం తట్టి చూస్తే చెక్కలా ఉంటుంది గానీ లోపల చెక్కా లేదు, ఇనుమూ లేదు. గుడ్డ, కాగితం పొరలు జిగురుతో అంటించి ఆరబెట్టింది, అంతే. కొన్నప్పుడు లేత గులాబీ శాటిన్. ఆవిడ తన మేకప్ ఫౌండేషనూ, స్పాంజీ తీసి అందరి ముందే అద్దడం మొదలుపెట్టింది. బొటనవేలి దగ్గర నుంచి మడమ దాకా, ఆ తర్వాత రిబ్బన్లు. కుట్టు వెంబడి సన్నటి గులాబీ గీత మిగిలిపోతే స్పాంజి అంచు మడిచి దాన్నీ పూడ్చింది. ఆరాక షూ పక్కన చెయ్యి పెట్టి చూపించింది. రెండూ ఒకటే రంగు.

1974 నుంచీ ఈ కంపెనీలో ఇదే పద్ధతి. టైట్సూ షూసూ ఎవరి ఒంటి రంగుకి తగ్గట్టు వాళ్ళకి. తుంటి నుంచి కాలి కొన దాకా కాలు తెగిపోకుండా ఒకే గీతలా కనపడాలన్నది బ్యాలే కోరేది. గులాబీ రంగు వచ్చిందే తెల్లవాళ్ళ కాళ్ళకి కలిసిపోవాలని. ఫ్రీడ్ ఆఫ్ లండన్ లాంటి పేరున్న తయారీదారు గోధుమ రంగు పాయింట్ షూస్ అమ్మకానికి పెట్టింది 2018లో. అప్పటిదాకా ఎంతమంది అమ్మాయిలు బాత్రూమ్ సింకుల దగ్గర ఇలా స్పాంజితో కూర్చున్నారో! మా అమ్మాయిది చామనఛాయ. చిన్నప్పుడు కొన్నాళ్ళు బ్యాలే క్లాసుకి వెళ్ళింది, అప్పుడు కొన్న టైట్స్ ప్యాకెట్ మీద 'స్కిన్ కలర్' అని ఉండేది. ఎవరి స్కిన్ అని అప్పుడు నేనే అడగలేదు. ఇప్పుడు అది అడిగింది, కారులో, ఇంటికొచ్చేదాకా.

ఆ తర్వాత పిల్లలందర్నీ లేపి ప్లియే చేయించారు, అంటే మడమలు కలిపి మోకాళ్ళు పక్కలకి వంచడం. కూచిపూడి నేర్చుకుంటున్న మా అమ్మాయి నేరుగా అరమండిలోకి, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమలోకి, దిగి అక్కడే ఉండిపోయింది. మిగతావాళ్ళంతా లేచారు, ఇది లేవదు. టీచర్ ఆగి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగి, ఒక అడవు (అడుగుల వరస) చేసి చూపించమంది. చూపించింది. ఆ డాన్సర్ వెంటనే దాని పక్కన నిలబడి తనూ చేయబోయింది. మోకాళ్ళు చక్కగా విచ్చుకున్నాయి గానీ, పాదం మొత్తం నేలకి కొట్టాల్సిన చోట మునివేళ్ళే ముందు దిగుతున్నాయి, చప్పుడు రావట్లేదు. "మేం వంగేది పైకి లేవడానికి, నువ్వు వంగి అక్కడే నాట్యమంతా చేస్తున్నావు" అంది ఆవిడ. ఇన్నేళ్ళుగా రెండు రకాల నాట్యాలూ చూస్తున్నా, నాకు ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

రాత్రి మూడు నృత్యాలు. మొదటిది 'నైమన్ స్ట్రింగ్ క్వార్టెట్ నం. 2', కూర్చింది రాబర్ట్ గార్లండ్. ఈ కంపెనీలోనే డాన్సర్‌గా చేసి, 2023లో ఆర్టిస్టిక్ డైరెక్టర్ అయ్యారు. బాగుంది, కానీ నన్ను పూర్తిగా పట్టుకోలేదు. రెండోది విలియం ఫోర్సైత్ కూర్చిన 'బ్లేక్ వర్క్స్ IV'. స్టేజి మీద వెనకవైపు ఒక బార్, అంటే క్లాసులో పట్టుకుని సాధన చేసే కర్ర. కోవిడ్‌లో డాన్సర్లు వంటింటి కుర్చీలూ గట్లూ పట్టుకుని ప్రాక్టీసు చేసిన రోజుల్లో పుట్టిన పని ఇది. ఒక్కొక్కరూ బార్ దగ్గర మొదలుపెట్టి, దాన్ని వదిలి ముందుకొస్తారు. మధ్యాహ్నం పిల్లల చేత చేయించిన ఆ వంగడాలూ, కాలు చాపడాలే ఇక్కడ ఊపిరాడనంత వేగంగా వస్తుంటే మా అమ్మాయి నా చెయ్యి గిల్లి ఒక్కొక్కటీ గుర్తుపట్టింది.

చివరిది గార్లండ్‌దే, 1999 నాటి 'రిటర్న్'. నల్లజాతి గాయకులు జేమ్స్ బ్రౌన్, అరీతా ఫ్రాంక్లిన్ పాటలు. కాలి కింద క్లాసికల్ బ్యాలే, నడుములో హార్లెమ్ వీధి. పాయింట్ మీద నిలబడే భుజాలు ఆడిస్తారు, ఒక్క క్షణం కూడా అతుకు కనపడదు. హాల్లో నల్లజాతి పెద్దావిడలు లేచి నిలబడి పాటందుకున్నారు. తమది తాము చూసుకుంటున్న ఆనందం అది, ఆ గొంతుల మధ్య కూర్చోవడం నా అదృష్టం.

మన వాళ్ళకి ఇంకో మాట. వీళ్ళ పాత నృత్యాల్లో జెఫ్రీ హోల్డర్ 1974లో చేసిన 'డూగ్లా' ఉంది. ట్రినిడాడ్‌లో ఆఫ్రికా సంతతివాళ్ళకీ భారత సంతతివాళ్ళకీ జరిగే పెళ్ళి దాని కథ. అది ప్రోగ్రామ్‌లో ఉంటే మాత్రం వదలకండి.

టికెట్ల గురించి: వెనక వరసలది మన సినిమా సంగీత విభావరుల టికెట్ కంటే తక్కువే పడింది. ఫోర్సైత్ నృత్యానికి బాల్కనీయే మేలు, వరసలు విడిపోయి కలవడం పైనుంచి స్పష్టంగా కనపడుతుంది. ఇక నా ఫిర్యాదంతా మా ఊరి థియేటర్ మీదే. క్లాసు ఉచితం, గదిలో ఇంకో ముప్పై మంది పిల్లలు పడతారు, అయినా ఆ సంగతి వాళ్ళ ఈమెయిల్ అడుగున ఒక్క లైనులో ఉంది. మా చుట్టుపక్కల కూచిపూడి, భరతనాట్యం నేర్పే గురువులు ఎంతమందో ఉన్నారు, ఒక్కరికీ తెలీదు. ఈ మాటే థియేటర్‌కి రాశాను. గురువుల పేర్లు, ఫోన్ నంబర్లు పంపితే వచ్చే సీజన్ నుంచి ముందే చెప్తామన్నారు. ఒక్కొక్కరినీ అడిగి, సరేనన్నవాళ్ళ వివరాలు పంపుతున్నాను. మా వైపు ఉండే గురువులెవరైనా ఇది చదివితే, మీ పేరూ చేర్చమని నాకు చెప్పండి.